ఇంటి నెట్‌లో ఆఫీసు వీపీఎన్ పదే పదే తెగిపోతోంది, బ్రౌజింగ్ మాత్రం బాగానే ఉంది

వెన్నెల_77

అందరికీ నమస్కారం. ఇంటి నుంచే పని చేస్తాను. కొత్త ఫైబర్ కనెక్షన్‌కి మారినప్పటి నుంచి, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే వీపీఎన్ నిలబడడం లేదు. పొద్దున లాగిన్ అయితే మధ్యాహ్నం దాకా పర్వాలేదు. సాయంత్రం అయ్యేసరికి మొదలవుతుంది. "సర్వర్ నుంచి స్పందన లేదు" అని ఒక్క ముక్క కనిపిస్తుంది, అంతే. మళ్ళీ పాస్‌వర్డు, మళ్ళీ ఫోన్‌కి ఓటీపీ. ఈలోగా రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరిచి పెట్టుకున్నవన్నీ బిగుసుకుపోతాయి.

అదే సమయంలో యూట్యూబ్ ఆడుతుంది, సైట్లు తెరుచుకుంటాయి. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 10 చూపిస్తుంది. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే "లైన్ బాగుంది, మీ ఆఫీసు వాళ్ళని అడగండి" అంటారు. ఆఫీసు ఐటీ వాళ్ళేమో "మిగతా అందరికీ బాగానే ఉంది, మీ ఇంటి నెట్ చూసుకోండి" అంటారు. మేనేజరు ముందు ప్రతి మీటింగులోనూ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తోంది.

ఇంకో సంగతి. పెద్ద ఫైలు ఆఫీసు షేర్‌లోకి కాపీ చేస్తుంటే ఏ టైములోనైనా సరే మధ్యలో ఆగిపోతుంది. చిన్న ఫైళ్ళు వెళ్తాయి. ఇవి రెండూ ఒకటేనా, వేర్వేరా తెలియడం లేదు. ఆఫీసుది ఐపీసెక్ రకం వీపీఎన్ అని మాత్రం తెలుసు. ఎవరైనా దారి చూపిస్తారా?

రాత్రి_షిఫ్టు

నాకూ ఇదే గోల. నాది సాయంత్రం అని కాదు, పొద్దస్తమానం తెగుతుంది. ఈ చర్చని ఫాలో అవుతున్నాను.

మార్పు_మంచిదే

డీఎన్‌ఎస్ 8.8.8.8కి మార్చి చూడండి. నాకు చాలా సమస్యలు దానితోనే తీరాయి. తీరకపోతే రూటర్ మార్చేయండి.

పాత_నెట్‌వర్క్_మనిషి

వెన్నెల గారూ, ఏదీ మార్చకండి, ముందు కొలవండి. ఒకేసారి నాలుగు మార్చేస్తే, రేపు బాగుపడినా ఏది బాగు చేసిందో తెలియదు. మళ్ళీ తెగినప్పుడు కథ మొదటికి వస్తుంది.

డీఎన్‌ఎస్ సంగతి: పేరును అడ్రసుగా మార్చడం వరకే దాని పని. టన్నెల్, అంటే వీపీఎన్ మీకూ ఆఫీసుకీ మధ్య వేసే దారి, ఒకసారి నిలబడ్డాక అది నేరుగా ఐపీ అడ్రసుతో నడుస్తుంది. కాబట్టి మళ్ళీ కనెక్ట్ కావడం ఆలస్యమైతే డీఎన్‌ఎస్‌ని అనుమానించవచ్చు. నడుస్తున్న టన్నెల్ తెగితే మాత్రం దాని మీదకి పోవద్దు.

యూట్యూబ్ ఆడుతోంది కదా అంటారు. వీడియో ముందుగానే కొంత దించుకుని పెట్టుకుంటుంది, మధ్యలో కొన్ని సెకన్లు నెట్ తడబడినా మీకు కనిపించదు. వెబ్ పేజీకి కావాలంటే ఇంకో కొత్త కనెక్షన్ తెరుచుకుంటుంది. వీపీఎన్‌కి ఆ వెసులుబాటు లేదు. అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే సెషన్. అవతలి వాడు బతికే ఉన్నాడా అని రెండు వైపుల నుంచీ చిన్న ప్యాకెట్లు పంపుకుంటుంటారు. వరసగా కొన్నిటికి జవాబు రాకపోతే చచ్చిపోయాడనుకుని సెషన్ మూసేస్తారు. ఐపీసెక్‌లో దీన్ని డెడ్ పీర్ డిటెక్షన్ అంటారు. మీ స్క్రీన్ మీద కనిపించే "స్పందన లేదు" చాలావరకు ఇదే.

ఇప్పుడు నాకు కావలసినవి. తెగడం ఒక లెక్క ప్రకారం ఉందా, అంటే లాగిన్ అయిన గంటకో ఎనిమిది గంటలకో కచ్చితంగా? మీరు ఏమీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడా, పని మీద ఉన్నప్పుడా? వైఫైనా, కేబులా? ఇంట్లో ఆ టైముకి ఇంకెవరు నెట్ వాడుతున్నారు? వీటిలో సగం జవాబులు వీపీఎన్ క్లయింట్ లాగ్‌లోనే దొరుకుతాయి. తెగిన టైములు రాసుకుంటూ వెళ్ళండి.

రాత్రి_షిఫ్టు

అన్నా, మీరు అడిగాక లాగ్ తీసి చూశాను. నాది సరిగ్గా గంటకి తెగుతోంది! గడియారం గంట కాదు, లాగిన్ అయినప్పటి నుంచి గంట. మాది ఓపెన్‌వీపీఎన్.

పాత_నెట్‌వర్క్_మనిషి

తమ్ముడూ, అయితే నీ ఇంటి నెట్‌కి ఏ పాపమూ తెలియదు. ఓపెన్‌వీపీఎన్ మామూలుగా 3600 సెకన్లకి ఒకసారి, సమాచారాన్ని రహస్యంగా ఉంచే తాళాలు మార్చుకుంటుంది, దీన్నే రీనెగోషియేషన్ అంటారు. అప్పుడు మళ్ళీ నువ్వెవరో రుజువు అడుగుతుంది. మామూలు పాస్‌వర్డు అయితే క్లయింటు గుర్తుపెట్టుకుని ఇచ్చేస్తుంది. ఓటీపీ అయితే పొద్దున వాడింది మళ్ళీ చెల్లదు కాబట్టి తిరస్కరిస్తుంది, టన్నెల్ పడిపోతుంది. ఇది సర్వర్ వైపు సరిచేయవలసిన పని. మొదటి లాగిన్ తర్వాత క్లయింటుకి ఒక టోకెన్ ఇచ్చి, తాళాలు మార్చేటప్పుడు దాన్నే ఒప్పుకునేలా పెట్టవచ్చు, 2.4 వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉంది. ఆఫీసు వాళ్ళకి "3600 సెకన్లు, రీనెగోషియేషన్, ఓటీపీ" అని ఈ మూడు ముక్కలూ కలిపి రాసి పంపు. వెంటనే అర్థం చేసుకుంటారు.

హెల్ప్‌డెస్క్_సీటు

నేను అవతలి వైపు కూర్చునే మనిషిని, కాబట్టి ఒక మాట. మాకు వచ్చే టికెట్లలో ఎక్కువ భాగం "వీపీఎన్ పని చేయట్లేదు, అర్జెంట్" అన్న ఒక్క లైనే. మా సర్వర్ లాగ్‌లో వేల సెషన్లు ఉంటాయి, మీది వెతకాలంటే టైము కావాలి. తెగిన నిమిషం, ఆ సమయానికి మీ పబ్లిక్ ఐపీ అడ్రసు, క్లయింట్ వెర్షన్, వైఫైనో కేబులో, హాట్‌స్పాట్ మీద ఎలా ఉందో రాస్తే మా పని సగమవుతుంది. "మీ ఇంటి నెట్ చూసుకోండి" అని తిప్పి పంపడం కూడా తగ్గుతుంది. ఆ జవాబు వినేవాళ్ళకి ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే దాని సెట్టింగులు మీరే మార్చకండి, బయటి టూల్స్ ఎక్కించకండి. కొలవడానికి పింగ్ చాలు, ఒక అడ్రసుకి చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూపే కమాండ్, అది అన్ని కంప్యూటర్లలోనూ ఉండేదే.

కిటికీ_పక్క_టేబుల్

వెన్నెల గారూ, కేబుల్‌తో చూశారా? నాకు ఇలాగే తెగుతుంటే వారాల తరబడి వీపీఎన్‌నే తిట్టుకున్నాం. చివరికి చూస్తే వైఫై ఛానెల్. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్ళు చాలా దేశాల్లో రాడార్లతో పంచుకునేవి. రాడార్ సంకేతం ఉందని రూటర్‌కి అనిపిస్తే ఆ ఛానెల్ ఖాళీ చేసి వేరేదానికి వెళ్ళాలి. అలాంటి ఛానెల్‌లోకే మళ్ళీ వెళ్తే కనీసం 60 సెకన్లు విని, ఎవరూ లేరనుకున్నాకే మాట్లాడాలి. ఆ నిమిషం చాలు వీపీఎన్ పడిపోవడానికి. రూటర్‌లో ఛానెల్‌ని ఆటో నుంచి తీసి 36కి కట్టేశాను, అప్పటి నుంచి కదల్లేదు.

విండోస్ అయితే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్" అని కొడితే వైఫై ఎప్పుడెప్పుడు పోయిందో ఒక పేజీ తయారై వస్తుంది. ఆఫీసు మెషీన్లో అనుమతి లేకపోతే ఐటీ వాళ్ళనే తీసివ్వమనండి.

వెన్నెల_77

ఇంతమంది పట్టించుకుంటారనుకోలేదు, చాలా సంతోషం. కేబుల్ పెట్టి చూశాను, సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ అంతే. లాగ్‌లో టైములకి లెక్కంటూ ఏమీ లేదు, ఒక్కోరోజు ఒక్కోలా. కాకపోతే అన్నీ సాయంత్రం ఆరు తర్వాతే. ఊరికే కూర్చున్నప్పుడూ తెగుతుంది, టైప్ చేస్తుంటేనూ తెగుతుంది. ఆ టైముకి పిల్లలు, మా వారు ఇంటికి వస్తారు, కానీ ఎవరూ పెద్దగా వీడియోలు చూడరు.

పాత_నెట్‌వర్క్_మనిషి

అమ్మా, కేబుల్ మీదా తెగిందంటే వైఫైని పక్కన పెట్టేయవచ్చు. ఇప్పుడు మూడు కమాండ్ విండోలు తెరవండి. ఒకదానిలో మీ రూటర్‌కి పింగ్, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1. రెండోదానిలో బయటి అడ్రసు ఏదైనా, 1.1.1.1 సరిపోతుంది. మూడోదానిలో వీపీఎన్ లోపలి ఆఫీసు మెషీన్ ఒకటి. విండోస్‌లో చివర హైఫన్ టి పెడితే ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. ఐదున్నర నుంచి వదిలేయండి.

తెగిన క్షణంలో మూడు కిటికీలూ పక్కపక్కన చూడండి. మొదటిదే తడబడితే తప్పు ఇంట్లో, రూటర్‌కీ మీకూ మధ్య. మొదటిది నిలకడగా ఉండి రెండోది పోతే రూటర్ నుంచి బయటికి వెళ్ళే లైన్‌లో. మొదటి రెండూ బాగుండి మూడోది మాత్రమే పోతే వీపీఎన్ సెట్టింగులోనో సర్వర్‌లోనో. ఆఫీసు ఐటీ, నెట్ కంపెనీ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటున్న తగువు ఈ మూడు కిటికీలతో తేలిపోతుంది. ప్యాకెట్లు పోయాయా లేదా అన్నదే కాదు, ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో కూడా చూడండి. అసలు కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది.

చిన్నిలోకం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నాది ఇంకో రకం. పని చేస్తున్నంతసేపూ తెగదు. లేచి ఓ పది నిమిషాలు అటు వెళ్ళి వస్తే చాలు, వచ్చేసరికి పోయి ఉంటుంది.

పాత_నెట్‌వర్క్_మనిషి

చిన్నిలోకం గారూ, మీకు రెండు అనుమానాలు. ఒకటి, ల్యాప్‌టాప్ నిద్రపోతోందేమో, పవర్ సెట్టింగులు చూడండి. స్క్రీన్ ఆరిపోయాక నెట్‌వర్క్ కార్డుని కూడా పడుకోబెట్టే సెట్టింగు ఒకటి ఉంటుంది.

రెండోది రూటర్ మతిమరుపు. మీ ల్యాప్‌టాప్ నుంచి బయటికి వెళ్ళిన ప్రతి సంభాషణకీ రూటర్ తన నాట్ పట్టికలో ఒక వరస రాసుకుంటుంది. జవాబు వస్తే ఎవరికి ఇవ్వాలో దానిలో చూసుకుంటుంది. కొంతసేపు అటూ ఇటూ ఏమీ కదలకపోతే ఆ వరస చెరిపేస్తుంది. చాలా వీపీఎన్‌లు ప్యాకెట్లు పంపే యూడీపీ పద్ధతికి ఈ గడువు 2 నిమిషాల కన్నా తగ్గకూడదని 2007లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4787 అనే ఇంటర్నెట్ పత్రం చెప్పింది. కానీ 30 సెకన్లకే చెరిపేసే ఇంటి రూటర్లు చాలా ఉన్నాయి. అందుకే వీపీఎన్‌లు మధ్యమధ్యలో కీప్‌అలైవ్ ప్యాకెట్ పంపుతాయి. ఐపీసెక్‌లో మామూలు విలువ 20 సెకన్లు, వైర్‌గార్డ్ అనే ఇంకో వీపీఎన్ వాళ్ళు నాట్ వెనక ఉన్నవాళ్ళకి సూచించేది 25. ఆఫీసు కాన్ఫిగరేషన్‌లో ఇది ఆపేసి ఉన్నా, మరీ పెద్ద విలువ పెట్టినా మీలాగే జరుగుతుంది.

పరీక్ష తేలిక. వీపీఎన్ లోపలి అడ్రసుకి పింగ్ నడుస్తూ ఉండగా లేచి వెళ్ళండి. వచ్చేసరికి టన్నెల్ బతికే ఉంటే ఇదే కారణం.

హెల్ప్‌డెస్క్_సీటు

దానికి చిన్న చేర్పు. కొన్ని ఆఫీసులు ఏమీ చేయకుండా ఇంతసేపు ఉంటే తెంపేయాలని కావాలనే పెడతాయి, భద్రత కోసం. పరీక్ష కోసం పింగ్ సరే, రోజూ అలా నడుపుతూ ఆ నియమాన్ని దాటేయకండి. ముందు మీ ఐటీ వాళ్ళని ఐడిల్ టైమౌట్ ఎంతో అడగండి. అది ప్రతిసారీ ఒకే నిడివికి తెగుతుంది. రూటర్ మరిచిపోవడంలో అంత కచ్చితత్వం ఉండదు.

వెన్నెల_77

పింగ్ ఫలితాలు తెచ్చాను. రూటర్‌కి అంతసేపూ 1, 2 మిల్లీసెకన్లు, ఒక్కటీ పోలేదు. 1.1.1.1కి మొదట 8, 9 ఉండేది. ఆరు దాటాక ఉన్నట్టుండి 300, 600, 900, మధ్యలో "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" వరసగా కొన్ని. అప్పుడే వీపీఎన్ పడిపోయింది. కొంతసేపయ్యాక మళ్ళీ 9కి దిగింది. మళ్ళీ ఎక్కింది. ఎవరో ట్యాప్ తిప్పి కట్టేసినట్టుంది.

పాత_నెట్‌వర్క్_మనిషి

దొరికింది. లైన్ చెడిపోతే ప్యాకెట్లు పోతాయి కానీ, మిగిలినవి ఇంత ఆలస్యంగా రావు. 9 నుంచి 900కి ఇలా మెట్టుమెట్టుగా ఎక్కిందంటే ఎక్కడో క్యూ పేరుకుంటోంది. మీ అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. ఇంట్లోంచి ఎవరో దాన్ని నింపేస్తున్నారు. రూటర్‌లో ప్యాకెట్లు ఆగి ఉండే చోటైన 1 ఎంబీ (80 లక్షల బిట్ల) బఫర్ నిండిందనుకోండి, సెకనుకి కోటి బిట్ల లెక్కన అది ఖాళీ కావడానికే 0.8 సెకను పడుతుంది. మీ వీపీఎన్ పంపే చిన్న ప్యాకెట్ ఆ క్యూ చివర నిలబడుతుంది. బఫర్ పొర్లితే అసలుకే పోతుంది. అవతల సర్వర్ మాత్రం "మనిషి లేడు" అని మూసేస్తుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు.

స్పీడ్ టెస్ట్‌లో 100 చూసి అందరూ మోసపోయేది ఇక్కడే. డౌన్‌లోడ్ ఖాళీగానే ఉంటుంది, అప్‌లోడ్ గొంతు మూసుకుపోయి ఉంటుంది. ఆరు తర్వాత ఇంటికి వచ్చేవి మనుషులే కాదు, వాళ్ళ ఫోన్లు కూడా. వైఫైకి తగిలి, ఛార్జింగ్ పెట్టగానే ఫోటోలు, వీడియోలు క్లౌడ్‌లోకి బ్యాకప్ మొదలవుతాయి. ఎవరూ ఏమీ చూడకపోయినా లైన్ నిండుతుంది. రూటర్ పేజీలో ఏ పరికరం ఎంత పంపుతోందో ఒకసారి చూడండి.

వెన్నెల_77

అక్షరాలా అంతే! పెద్దబ్బాయి ఫోను. క్రికెట్ కోచింగ్ వీడియోలన్నీ తీసుకొస్తాడు, ఛార్జర్‌కి పెట్టగానే బ్యాకప్ మొదలు. దాన్ని ఆపితే 1.1.1.1 పింగ్ 9కి వచ్చేసింది, మళ్ళీ ఆన్ చేస్తే కళ్ళముందే 700. రెండుమూడుసార్లు ఆపి, పెట్టి చూశాను, ప్రతిసారీ అదే. ఇప్పుడు శాశ్వతంగా ఏం చేయాలి? వాడిని రోజూ ఆపమనలేను కదా.

పాత_నెట్‌వర్క్_మనిషి

ఆపనక్కర్లేదు. మీ రూటర్‌లో ఎస్‌క్యూఎం లేదా స్మార్ట్ క్యూ లాంటి పేరుతో సెట్టింగు ఉందేమో చూడండి. ఉంటే అప్‌లోడ్‌ని కొలిచిన వేగంలో 85 నుంచి 90 శాతానికి పరిమితం చేయండి, మీకు 9 ఎంబీపీఎస్. కాస్త వేగం పోతుంది, కానీ క్యూ మీ రూటర్ చేతుల్లోకి వస్తుంది. ఎవరిని ముందు పంపాలో అది చూసుకుంటుంది. దీని వెనక ఉన్న కోడెల్ పద్ధతిని కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో బయటపెట్టారు. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా వచ్చింది. పెద్ద బ్యాకప్ ఒక వరసలో, మీ చిన్న ప్యాకెట్లు ఇంకో వరసలో వెళ్తాయి. నా దృష్టిలో ఇంటి నెట్‌కి ఇంత మేలు చేసిన పని ఇంకొకటి లేదు. 500 ఎంబీపీఎస్ ప్లానుకి మారే ముందు ఇది చూడమని అందరికీ చెబుతాను.

ఇక పెద్ద ఫైలు ఆగిపోయేది వేరే జబ్బు. కొత్త కనెక్షన్‌లో రూటర్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డు ఇచ్చారా? పాతదానికి ఉండేవా?

వెన్నెల_77

అవును, కొత్తదానికి ఇచ్చారు. పాతదానికి అలాంటివేమీ లేవు.

పాత_నెట్‌వర్క్_మనిషి

అయితే కొత్తది పీపీపీఓఈ, అంటే రూటర్ లాగిన్ అయి నెట్‌కి కలిసే పద్ధతి. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్ 1500 బైట్లు మోస్తుంది. పీపీపీఓఈ దానిలో 8 బైట్లు తన కోసం తీసుకుంటుంది, మిగిలేది 1492. వీపీఎన్ తన పొట్లం కట్టడానికి రకాన్ని బట్టి ఇంకో 60, 80 బైట్ల దాకా తీసుకుంటుంది. ఆఫీసు సెట్టింగు 1500 ఉంటుందనే లెక్కతో అంచుదాకా పెట్టి ఉంటే, నిండు ప్యాకెట్లు మీ లైన్‌లో పట్టవు. "ఇది పెద్దదైంది, తగ్గించు" అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని దారిలో ఏదైనా ఫైర్‌వాల్ మింగేస్తే పంపేవాడికి ఆ సంగతే తెలియదు. అదే సైజు మళ్ళీ మళ్ళీ పంపి చివరికి ఆగిపోతాడు. చిన్న ఫైళ్ళు, టైపింగ్, లాగిన్ అన్నీ బాగుండి పెద్ద కాపీలే ఆగడం దీని గుర్తు.

వీపీఎన్ ఆపి, పింగ్‌కి హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్ 1472 పెట్టి 1.1.1.1కి కొట్టండి. ముక్కలు చేయొద్దు, ఇంత సైజు పంపు అని దాని అర్థం. హెడర్ల 28 కలిపితే 1500. అది వెళ్ళకపోతే 1464 కొట్టండి, కలిపితే 1492.

వెన్నెల_77

1472 వెళ్ళలేదు. 1464 వెళ్ళింది.

హెల్ప్‌డెస్క్_సీటు

ఇక మీరేమీ చేయనక్కర్లేదు, ఈ రెండు అంకెలూ టికెట్‌లో పెట్టండి. టన్నెల్ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) తగ్గించడమో, గేట్‌వేలో ఎంఎస్‌ఎస్ (ఆ ప్యాకెట్‌లో పట్టే అసలు సమాచారం సైజు) తగ్గించడమో మా వైపు పని. ఇంటి రూటర్‌లో ఎంఎస్‌ఎస్ మార్చి లాభం లేదు, టన్నెల్ లోపలి ప్యాకెట్లు దానికి కనిపించవు. ఇలాంటి టికెట్ ఒక్కటి వస్తే పీపీపీఓఈ మీద ఉన్న మిగతా ఉద్యోగులందరికీ కూడా ఆ సమస్య తీరిపోతుంది, కాబట్టి మొహమాటపడకండి.

రాత్రి_షిఫ్టు

మా ఆఫీసులో ఆ మూడు ముక్కలు రాసి పంపాను అన్నా. టోకెన్ సెట్టింగు పెట్టారు. నిన్న రాత్రంతా ఒక్క ఓటీపీతోనే గడిచింది. టీములో ఇంకా చాలామందికి ఇదే బాధట, ఎవరూ చెప్పలేదంతే.

చిన్నిలోకం

నాకు పింగ్ నడుస్తుంటే తెగలేదు, ఆపితే తెగింది. ఐడిల్ టైమౌట్ అడిగితే 60 నిమిషాలన్నారు, నాది పదికే పోతోంది కాబట్టి అది కాదు. కీప్‌అలైవ్ గురించి టికెట్ వేశాను, చూస్తామన్నారు.

వెన్నెల_77

ఐటీ వాళ్ళు టన్నెల్ ఎంటీయూ 1360కి దించారు. పొద్దున పెద్ద డిజైన్ ఫైళ్ళ ఫోల్డర్ మొత్తం ఒకేసారి కాపీ అయ్యింది. నా దగ్గరున్న పాత రూటర్‌లో ఎస్‌క్యూఎం ఉంది, ఫైబర్ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని చేయకుండా లైన్‌ని ముందుకి పంపేలా) పెట్టించి లాగిన్ దీనిలోనే ఇచ్చాను, అప్‌లోడ్ 9కి కట్టాను. సాయంత్రం బాబు బ్యాకప్ నడుస్తుండగానే చూశాను, 1.1.1.1కి పింగ్ 20 దాటలేదు. క్లయింట్ కాల్‌లో ఉన్నాను, వీపీఎన్ కదల్లేదు.

పాత నెట్‌వర్క్ మనిషి గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఒక్క సందేహం, డౌన్‌లోడ్‌కి కూడా పరిమితి పెట్టాలా?

పాత_నెట్‌వర్క్_మనిషి

ఇప్పటికి వద్దమ్మా. పెద్ద డౌన్‌లోడ్ నడుస్తున్నప్పుడు కూడా అదే పింగ్ పెట్టి చూడండి. అప్పుడు కూడా వందల్లోకి ఎక్కితే డౌన్‌లోడ్‌ని 90కి కట్టండి. ఎక్కకపోతే అలాగే వదిలేయండి.